నాలుగు నిమిషాలు నోరు మూసుకునే పరీక్ష

మొదటి రోజు, సోమవారం

బేతేలు తెప్ప మందిరం సండేస్కూలు సూపరింటెండెంటు తబిత రాసుకుంటున్న శిక్షణ దినచర్య ఇది. రాసుకుంటున్న అన్నాను గానీ, రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. రోజూ రాసి సాయంత్రం ఆరింటికల్లా ఒడ్డున ఉన్న శిక్షణ ఆఫీసుకు పంపాలట. ఒడ్డున దీన్ని చదివేది ఎవరో నాకు తెలియదు. మనిషైతే వందనాలు. మర అయితే కూడా వందనాలే, నా సొమ్మేం పోయింది.

పొద్దున ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే మర దగ్గర జల్లెడలు గీకుతుంటే మందిరం గంట మోగింది. ఆదివారం కాదు, ఎవరూ పోలేదు, మరెందుకా అని చేతులైనా కడుక్కోకుండా తెప్పల మీంచి తెప్పల మీదికి దాటుకుంటూ వెళ్లాను. పాస్టరు అయ్యగారు కాగితం పట్టుకుని నిలబడ్డారు. పిల్లల దగ్గర పనిచేసే ప్రతివాళ్లూ పిల్లల రక్షణ శిక్షణ ఆన్‌లైన్‌లో పూర్తి చేయాలి. అయ్యగారు, సంఘ పెద్దలు, క్వయర్ మాస్టారు, టీచర్లు, చివరికి చాపలు పరిచే మనిషి కూడా. మొత్తం పదకొండు మందిమి. గడువు ఇరవై ఎనిమిది రోజులు, అంటే కోతపండుగ దాకా. పిల్లల్ని మంచి చేసుకుని, రహస్యాలు మప్పి, మెసేజీల్లో మాయమాటలు చెప్పి పాడుచేసే పెద్దవాళ్లుంటారు, పిల్లలు ఆ సంగతి చెప్పినప్పుడు ఎలా వినాలో నేర్పుతారట.

"మన సంఘంలో అలాంటోళ్లు ఎవరున్నారండీ?" అన్నారు సంఘ పెద్ద అపొల్లోసు గారు.

"ఏ సంఘంలో అయినా అందరూ అనేది అదేనండీ," అన్నాను. నిజానికి నేనూ లేరనే అనుకున్నాను. ఏదో ఒకటి అనకపోతే నాకు తోచదు.

సండేస్కూలు గదికి ఒడ్డువాళ్లు కొత్త తలుపు కూడా బిగించి వెళ్లారు. శిక్షణ పాసైనవాళ్ల చెయ్యి ఆనితేనే తెరుచుకుంటుంది. లోపల ఒక పెద్ద, ఒక పిల్ల మాత్రమే ఉంటే మూసుకోదు. పైగా మాట్లాడుతుంది. పందొమ్మిది మంది పిల్లలూ బయట తాళ్ల మీద కూర్చుని దాన్ని మాట్లాడించాలని చూశారు.

ఇంట్లో నేనూ, కెజియా. కెజియా నా కడుపున పుట్టింది కాదు. వాళ్లమ్మ వెరోనిక రొయ్యల బోనుల పనికి చివరి వరస తెప్పలకు వెళ్తూ "నీ చేతిలో పెడుతున్నానక్కా" అని అప్పజెప్పి వెళ్లింది. కోతపండుగకు వస్తుంది. పిల్లకి పదకొండేళ్లు. మా క్వయర్‌లో అలాంటి గొంతు ఇంకొకటి లేదు, పండుగ సోలో దానిదే. అలాంటిది రెండు వారాలుగా పాటకు రానంటోంది. తల్లి పడవ దిగేసరికి పిల్ల మైకు ముందు పాడుతూ ఉండాలి. ఇది నేను పట్టిన పట్టు, రాసి పెట్టుకోండి.

ఒడ్డు నుంచి జవాబు వచ్చింది: "మీ నమోదు అందింది. ధన్యవాదాలు. మీరు బాగా నేర్చుకుంటున్నారు." ఇంకా ఏమీ నేర్చుకోలేదు, మొర్రో.

మూడో రోజు

శిక్షణలో చదవాల్సింది తక్కువ. చివర్లో పరీక్ష ఉంది. అయ్యగారి గదిలో తెర మీదికి ఒక పాప వస్తుంది. నిజం పాప కాదు, పరీక్ష కోసం చేసిన పాప. ఏడెనిమిదేళ్లు, ఎర్ర రిబ్బను. మన కళ్లలోకి చూసి "నాకు ఒక మాట చెప్పాలని ఉంది" అంటుంది. తర్వాత ఆగి ఆగి చెబుతుంది. మధ్యలో గోళ్లు కొరుక్కుంటుంది, నేల చూస్తుంది. మనం నాలుగు నిమిషాలు నోరు మెదపకుండా వినాలి. అంతా అయ్యాక మూడు మాటలే అనాలి: చెప్పినందుకు సంతోషం, నీ తప్పు లేదు, సాయం చేయగలవాళ్లకి నేను చెబుతాను. అంతే.

ఇంతేనా అని వెళ్లి కూర్చున్నాను. పదకొండు సెకన్లకి "ఎవరమ్మాయివే నువ్వు?" అన్నాను. ఫెయిల్.

రెండోసారి నలభై సెకన్లు ఆగాను. రిబ్బను జారిపోతోంది, సరిచేసుకోమన్నాను. ఫెయిల్.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు రాహేలు వదిన నాకంటే ఘనురాలు. ఇంటిపేరు అడిగి, ఏ తెప్పో అడిగి, పాప జవాబు చెప్పకపోయేసరికి తనే ఆలోచించి వరసలు కలిపేసింది. బయటికొచ్చి "మా ఆడపడుచు తోటికోడలి వైపు పిల్లే, ఆ ముక్కు చూస్తే తెలవట్లా?" అంది.

అయ్యగారు లోపలికి వెళ్లి మూడు అంశాల మీద ప్రసంగం చేశారు. రెండో అంశంలో తెర మీది పాప నిద్రపోయింది. ఇప్పటిదాకా ఏ సంఘంలోనూ ఆ పాప నిద్రపోలేదట.

అపొల్లోసు గారిది అన్నింటికంటే అన్యాయం. ఆయన మాట్లాడనే లేదు. పాప "ఒక అంకుల్ నాకు రహస్యంగా బొమ్మ ఇచ్చారు" అనగానే అలవాటు కొద్దీ "స్తోత్రం!" అన్నారు. తెర మీద అక్షరాలు వచ్చాయి: మీరు ఆ వ్యక్తి చేసిన పనిని కొనియాడారు. ఫెయిల్.

"ఎవరేం చెప్పినా స్తోత్రం అనడం మనకి పుట్టుకతో వచ్చిందండీ, దానికి మార్కులు తీసేత్తే ఎలా?" అని ఆయన మధ్యాహ్నం దాకా బాధపడ్డారు.

నాలుగో రోజు

మా పరువు నిలబెట్టింది ఫిలేమోను మాస్టారు. క్వయర్ నేర్పే మనిషి, మెత్తని మాట, ఇస్త్రీ చొక్కా. నాలుగు నిమిషాలూ తల కాస్త వాల్చి, పెదవి కదపకుండా విన్నారు. మూడు మాటలూ ముత్యాల్లా చెప్పారు. నూటికి నూరు. తెర మీద పువ్వులు రాలాయి. మేమంతా చప్పట్లు కొట్టాం, రాహేలు వదిన దండ వేసింది.

"పిల్లలు వాళ్లంతట వాళ్లు నోరు తెరిచేదాకా ఓపిక పట్టాలి తబితమ్మగారూ. తొందరపెట్టకూడదు," అన్నారు నాతో. ఎంత బాగా చెప్పారో అనుకున్నాను.

ఆయన చెయ్యి ఆనించగానే తలుపు "స్వాగతం" అని తెరుచుకుంది. మాస్టారు లేకపోతే ఈ ఏడు సండేస్కూలు మూతబడేదే.

కెజియా ఈ వేడుకకి రాలేదు. పిలిస్తే కడుపునొప్పి అంది. వాము నీళ్లు తాగించాను.

ఆరో రోజు

మర దగ్గర ఉప్పు గీకుతుంటే కెజియా వచ్చి పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, ఒకటి చెప్పనా?" అంది.

"ముందా బకెట్టు అందుకో," అన్నాను. అందించింది. ఇక నేను పాట సంగతి ఎత్తుకున్నాను. దేవుడిచ్చిన గొంతు దాచుకోకూడదనీ, మాస్టారు దాని కోసం ఎంత కష్టపడుతున్నారో చూడమనీ, నేను దాని వయసులో అయితే ఎగిరి గంతేసేదాన్ననీ చెప్పాను. మర ఆగేదాకా చెప్పాను. తలెత్తి చూస్తే లేచి వెళ్లిపోయింది. ఏం చెప్పాలనుకుందో మరి.

పరీక్ష మూడోసారి. యాభై రెండు సెకన్లు. మెరుగే.

ఏడో రోజు, ఆదివారం

ఆరాధన అయ్యాక వాన. అయ్యగారు ఒక చిన్నపిల్లను వెంటబెట్టుకుని సండేస్కూలు గదిలోకి పరిగెత్తారు, మాస్టారు తలుపు తెరిచి వెళ్లారు కాబట్టి. ఇద్దరే ఉండేసరికి తలుపు మూసుకోనంది. వానంతా లోపలికే. "మరో పెద్దవారి కోసం ఆగి ఉన్నాను" అంటుంది తలుపు. "తుఫానమ్మా తల్లీ, మూసుకో" అంటారు అయ్యగారు. "మరో పెద్దవారి కోసం ఆగి ఉన్నాను." చివరికి నేను వెళ్లేసరికి అయ్యగారు పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి, చాప విప్పి దానికి అడ్డంగా పట్టుకుని తడుస్తున్నారు. నా తల కనపడగానే తలుపు మర్యాదగా మూసుకుంది, నా కొంగు అందులో ఇరుక్కుంది.

తొమ్మిదో రోజు

రాహేలు వదిన ఆధ్వర్యంలో స్త్రీల సమాజం కూటం. తెర మీది పాపకి పేరు లేదు కాబట్టి "సుహాసిని" అని పెట్టారు. పేరు పెట్టాక ప్రార్థన పట్టీలో చేర్చారు. చేర్చాక చిన్నపిల్లల హాజరు పట్టీలో కూడా ఉండాలన్నారు. నేను రాశాను, రోజూ హాజరు వేస్తున్నాను కూడా. గౌను కుట్టి తెర పక్కన మేకుకి తగిలించారు. బాప్తిస్మం సంగతి మాత్రం అయ్యగారు వాయిదా వేశారు, నీళ్లు తెర మీద పడితే ఎవరిది పూచీ అని.

పాప కోసం అందరం కన్నీళ్లతో ప్రార్థించాం. ఆ బిడ్డ నోరు తెరిచి చెప్పుకోగలిగేలా చెయ్యి తండ్రీ అని. కెజియా గడపలో నిలబడి చూస్తోంది. లోపలికి రావే అన్నాను. రాలేదు.

పన్నెండో రోజు

ఇవాళ కెజియా చేసిన పనికి నా నెత్తి కొట్టుకున్నాను. చేతిపట్టీ విప్పి సముద్రంలోకి విసిరేసింది. మీకు ఒడ్డున వేరే ఏర్పాట్లుంటాయేమో గానీ, మాకిక్కడ ఆ పట్టీ చూపిస్తేనే కుళాయి నీళ్లిస్తుంది. మెసేజీలకీ అదే, హాజరుకీ అదే. అదృష్టం కొద్దీ వలలో పడింది. బియ్యంలో పెట్టి ఆరబెట్టాను. పనిచేయకపోతే ఫిలేమోను మాస్టారే బాగుచేసి పెట్టారు, పాపం. తీసుకొచ్చి నా చేతులతో దాని మణికట్టుకి కట్టాను. "ఇంకోసారి తీశావంటే మీ అమ్మకి చెబుతా" అన్నాను.

ఏడవలేదు. చెయ్యి చాపి ఊరికే నిలబడింది.

పరీక్ష నాలుగోసారి. ఒక నిమిషం ఎనిమిది సెకన్లు.

పదమూడో రోజు

గడువు సగానికి వచ్చింది. పాసైంది ఒక్కరే. అయ్యగారు కూటం పెట్టి ఒక ఉపాయం చెప్పారు. మనకి ఏదైనా నోటికి రావాలంటే ఎలా వస్తుంది? ఆరాధనలో అందరం కలిసి పలికితే వస్తుంది. కాబట్టి పరీక్షని ఉత్తర ప్రత్యుత్తరంగా మార్చి ప్రతి ఆదివారం చదివిద్దాం. పాప మాటలు అయ్యగారివి, జవాబులు సంఘానివి. పాప మాటలు మాకందరికీ అప్పటికే కంఠతా వచ్చేశాయి, అన్నిసార్లు ఫెయిలయ్యాం మరి. కాగితం ఇలా తయారైంది:

అయ్యగారు: నాకు ఒక మాట చెప్పాలని ఉన్నది.

సంఘము: చెప్పుము, మేము వినుచున్నాము.

అయ్యగారు: చెప్పిన యెడల మీకు కోపము వచ్చును.

సంఘము: కోపము రాదు. చెప్పినందుకు సంతోషము.

అయ్యగారు: నన్ను ఎవరును నమ్మరు.

సంఘము: మేము నమ్ముచున్నాము. నీ తప్పు ఏమియు లేదు.

పద్నాలుగో రోజు, ఆదివారం

అద్భుతంగా జరిగింది. మాస్టారు మైకు దగ్గర నిలబడి జవాబులు నడిపించారు. రాహేలు వదిన కంజీర అందుకుంది. చివరి జవాబుని మూడుసార్లు తిప్పి పాడారు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం అందరం మళ్లీ పరీక్షకి కూర్చున్నాం. ఇప్పుడు పాప నోరు తెరవకముందే అందరూ జవాబులు పాడుతున్నారు. పదిమందీ ఫెయిల్.

పద్దెనిమిదో రోజు

కెజియా అన్నం సరిగా తినడం లేదు. మాస్టారు దారిలో ఆపి "పిల్లని నా దగ్గరికి పంపండి తబితమ్మగారూ, నేను మాట్లాడి చూస్తా. నాతో అయితే చెప్తుంది," అన్నారు. ఇది మూడోసారి అడగడం. రెండుసార్లు నేనే దాని చెయ్యి పట్టుకుని పాట సాధనకి దిగబెట్టి వచ్చాను, అరగంటలో వెనక్కి వచ్చేసింది. సరే, ఆదివారం ఆరాధన అయ్యాక పంపుతానని మాటిచ్చాను.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. "ఆదివారమా?" అంది. అవునన్నాను. లేచి గిన్నెలు సర్దింది. దారికొచ్చిందనుకున్నాను.

ఇరవై ఒకటో రోజు, ఆదివారం

ఇది సాయంత్రం ఆరింటికి కాదు, ఇప్పుడే పంపుతున్నాను. దయచేసి చదవండి.

ఉత్తర ప్రత్యుత్తరం నడుస్తోంది. అయ్యగారు "నన్ను ఎవరును నమ్మరు" అన్నారు. సంఘమంతా "మేము నమ్ముచున్నాము, నీ తప్పు ఏమియు లేదు" అంది. అందరికంటే పైకి మైకులో మాస్టారి గొంతు. పిల్లల వరసలోంచి కెజియా లేచి నిలబడింది.

"నిజంగానా?" అంది.

కంజీర ఆగిపోయింది.

"నాకూ ఒక మాట చెప్పాలని ఉంది."

అపొల్లోసు గారు "స్తోత్రం" అన్నారు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు కాగితంలో తర్వాతి వరస కోసం వెతికారు. కాగితంలో అది లేదు.

మాస్టారు మైకు వదిలి నవ్వుతూ దిగొచ్చారు. "రా తల్లీ, గదిలో కూర్చుని మాట్లాడుకుందాం. ఇలాంటివి నలుగురిలో చెప్పించకూడదు. నిబంధన ప్రకారం పాసైన మనిషే వినాలి," అన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. చూస్తే నిబంధన ఆయన వైపే ఉంది. తలుపు ఆయన చేతికే తెరుచుకుంటుంది. అయ్యగారు సరేనన్నట్టు తలూపారు.

కెజియా బల్లలు దాటుకుంటూ వచ్చి నా వెనక చేరింది. నా భుజం దగ్గర జాకెట్టు పట్టుకుంది. "ఆయన తెరిచే గదికి నేను రాను, పెద్దమ్మా," అంది. మెల్లగానే అంది.

 కడుపునొప్పి, పట్టీ, బకెట్టు, అన్నీ ఒక్కసారి తెలిశాయి. ఇరవై రోజులుగా ఈ పుస్తకంలో రాసింది నేనే. చదువుకున్నది మాత్రం ఆ క్షణంలోనే.

"మా మర దగ్గర తలుపు లేదు," అన్నాను. "వదినా, నువ్వు రా." రెండో పెద్ద మనిషి ఉండాలి కదా. రాహేలు వదిన కంజీర పక్కన పడేసి వచ్చింది. మర ఆపేశాను. ముగ్గురం జల్లెడల మీద కూర్చున్నాం. పిల్ల చెప్పింది పిల్ల మాటల్లోనే, టైముతో సహా రాయాలని మీ శిక్షణలో ఉంది. రాస్తున్నాను.

పదకొండు పది. ఏమీ చెప్పలేదు.

పదకొండు పద్నాలుగు. "మాస్టారు నాకు రోజూ మెసేజీలు పెడతారు. మొదట్లో పాట గురించే."

పదకొండు పదిహేడు. "ఇది మన ఇద్దరి ప్రార్థన గుంపు, ఇంకెవరికీ చెప్పకూడదు, చెబితే దేవుడికి కోపం వస్తది అన్నారు."

పదకొండు ఇరవై. "ఫోటోలు అడిగారు. మంచివి కాదు. నేను పంపలేదు. పంపకపోతే అమ్మకి నా గురించి చెడ్డగా చెబుతానన్నారు."

పదకొండు ఇరవై నాలుగు. "నువ్వు చెప్పినా ఎవరూ నమ్మరు, నాకు నూటికి నూరు వచ్చింది, వాళ్లందరూ ఫెయిలన్నారు."

పదకొండు ఇరవై తొమ్మిది. "పట్టీ పోతే మెసేజీలు రావని పారేశాను. నువ్వు మళ్లీ కట్టావు."

పదకొండు ముప్పై ఆరు. "అంతే."

నేను మూడు మాటలూ చెప్పాను. చెప్పినందుకు సంతోషం. నీ తప్పు లేదు. సాయం చేయగలవాళ్లకి నేను చెబుతాను.  నాలుగో మాట అనకూడదని తెలుసు, అయినా అన్నాను, నన్ను క్షమించమని. రాహేలు వదిన నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. ఇరవై ఆరు నిమిషాలు ఆ మనిషి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఇద్దరినీ మా ఇంట్లో ఉంచి మందిరానికి వెళ్లాను. పెద్దలు కూర్చుని ఉన్నారు. మాస్టారు "వయసు అలాంటిది, ఊహలు" అంటున్నారు. అపొల్లోసు గారు ఈ వారం ఉపవాస ప్రార్థన పెట్టుకుని, పండుగయ్యాక సంఘంలోనే సర్దుకుందాం అంటున్నారు. అయ్యగారు ఉత్తర ప్రత్యుత్తరం కాగితాన్ని మడతలు పెడుతున్నారు.

"అయ్యగారండీ, మేము నమ్ముచున్నాము అని రెండు ఆదివారాలు మా చేత పలికించింది మీరే," అన్నాను. "ఆ పిల్ల అది నిజమనుకుంది. నిజం కాదంటే ఇప్పుడే చెప్పండి. అప్పుడు మనం ఇక్కడ పలికే మిగతావాటి సంగతి కూడా చెప్పండి."

జవాబు కోసం ఆగలేదు. ఇది పంపాలి. మీరు మనిషైతే పడవ పంపండి. మర అయితే, మీ పైన ఉన్న మనిషిని లేపండి.

అదే రోజు, పన్నెండు నలభై

మీ జవాబు: "మీ నమోదు అందింది. ధన్యవాదాలు. మీరు బాగా నేర్చుకుంటున్నారు."

బుద్ధుందా మీకు? మళ్లీ పంపుతున్నాను.

అదే రోజు, ఒకటిన్నర

పదమూడుసార్లు పంపాను. మీ జవాబు: "ఒకే రోజు పదమూడు నమోదులు! అభినందనలు. మీకు బంగారు నక్షత్రం లభించింది." ఆ నక్షత్రాన్ని ఎక్కడ పెట్టుకోమంటారో చెప్పండి, నేనే వచ్చి పెడతాను. మళ్లీ పంపుతున్నాను.

అదే రోజు, రెండు గంటల ఐదు నిమిషాలు

"చదివాను. నేను మనిషినే, పేరు అనసూయ. పోలీసులకీ పిల్లల సంరక్షణ వాళ్లకీ చెప్పాను. పడవ బయలుదేరింది, రేపు పొద్దుటికి చేరుతుంది. కెజియా తల్లికి కబురు చేయండి. పట్టీలో ఏదీ చెరపవద్దు. అమ్మాయిని ఒంటరిగా వదలకండి. మీరు రాసినవన్నీ మొదటి రోజు నుంచి ఇప్పుడే చదివాను. ముందే చదవాల్సింది. తప్పు నాది."

అక్కడే కూలబడి ఏడ్చాను. మరతో కాదు మాట్లాడుతున్నదని.

వాకిట్లోకి వచ్చి చూస్తే, మా తెప్పకీ మాస్టారి తెప్పకీ మధ్య ఉన్న నడక బల్ల మీద అయ్యగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మాస్టారు రెండుసార్లు అటువైపు వచ్చి ఏదో చెప్పబోయారట, అయ్యగారు లేవలేదు, పలకలేదు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఈ సంఘం ఎప్పుడూ చూడలేదు.

ఇరవై రెండో రోజు

పడవలో నలుగురు వచ్చారు. అనసూయ గారు పొట్టిగా ఉన్నారు, పడవ పడదట, వాంతులు చేసుకుంటూనే వచ్చారు. కెజియాతో ఆవిడ మా మర దగ్గరే కూర్చున్నారు. నన్ను దూరంగా ఉండమన్నారు, ఉన్నాను. మాస్టారిని తీసుకెళ్లారు. ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లారు. ఎవరూ ఏమీ అనలేదు. దండ వేసినవాళ్లం ఏమంటాం?

మధ్యాహ్నానికి వెరోనిక బోనుల పడవ ఎక్కి వచ్చేసింది. నేను ఎదురెళ్లి అంతా చెప్పాను, పట్టీ కట్టిన సంగతి కూడా. నా ముఖంలోకి చూసింది. "నీ చేతిలో పెట్టానక్కా," అంది. పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. కొట్టినా బాగుండేది.

ఇరవై నాలుగో రోజు

కొత్త చిక్కు. మాస్టారి సర్టిఫికెట్టు రద్దు కావడానికి నలభై ఐదు పనిదినాలు పడుతుందట. అప్పటిదాకా మా తలుపు లెక్కలో మా తెప్ప మీద పిల్లలకి నమ్మదగిన మనిషి ఆయనొక్కడే. ఆ చెయ్యి వస్తే తప్ప తెరవనంటోంది. అనసూయ గారు నియమాల పుస్తకం మొత్తం తిరగేశారు, తలుపుకి నచ్చజెప్పే దారి అందులో లేదు.

"తలుపుకి తలలు లెక్కెట్టడం వచ్చు, మెసేజీలు లెక్కెట్టడం రాదు," అంది రాహేలు వదిన. "దీంతో మనకేం పని వదినా?"

నా మర రెంచీ తెచ్చాను. స్త్రీల సమాజం వాళ్లం ఏడుగురం కలిసి తలుపుని బందులతో సహా ఊడదీశాం. మోస్తుంటే దారి పొడుగునా "స్వాగతం, స్వాగతం" అంటూనే ఉంది. చేపలు ఎండబెట్టే చోట పరిచాం. ఇప్పుడు గది అన్ని వైపుల నుంచీ కనపడుతుంది. గంటకోసారి ఒడ్డు నుంచి హెచ్చరిక వస్తోంది: "మీ తలుపు కనబడటం లేదు." మాకు కనబడుతూనే ఉంది, దాని మీద నెత్తళ్లు ఎండుతున్నాయి.

ఇరవై ఏడో రోజు

పరీక్ష చివరిసారి. నాలుగు నిమిషాలూ నోరు మెదపలేదు. పాప "అంతే" అనేసరికి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఏడుపు కూడా అంతరాయమేనట. ఫెయిల్.

అనసూయ గారు మార్కుల పట్టీ చూసి, మళ్లీ నా పుస్తకం చూసి, ఆ పరీక్షే మార్చాలని పైవాళ్లకి రాస్తానన్నారు. రాయండి, మంచిదే. అది మారేదాకా మేం ఇద్దరిద్దరు పెద్దవాళ్లం కలిసే పిల్లల దగ్గర ఉంటాం, పిల్లలకి విడిగా మెసేజీలు ఎవరూ పెట్టరు, ఏ పిల్లయినా ఒక మాట చెప్పనా అంటే చేతిలో ఏ పని ఉన్నా ఆపేస్తాం. ఇది సంఘం తీర్మానం. ముందు సంతకం అపొల్లోసు గారిది. ఆయన వెరోనిక ఇంటికి వెళ్లి, వారం ఆగుదామన్నందుకు క్షమాపణ కూడా అడిగి వచ్చారు.

ఇరవై ఎనిమిదో రోజు, కోతపండుగ

మందిరం నిండా జనం. తాళ్ల నిండా రొయ్యల దండలు, నాచు కట్టలు, ఉప్పు మూటలు. క్వయర్‌కి మాస్టారు లేరు, సోలో లేదు. ఎవరికి వచ్చినట్టు వాళ్లు పాడాం, శ్రుతి సంగతి అడగొద్దు.

కెజియా వాళ్లమ్మ పక్కన చాప మీద కూర్చుంది. వెనకాలే నేనూ రాహేలు వదినా. పాట దానిదే, ఏడాదంతా అది నేర్చుకున్న పాట. మొదటి చరణం అయింది. రెండోది అయింది. కెజియా నోరు తెరవలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఓరగా నా వైపు చూశారు, పిల్లకి నేను ఏదో ఒకటి చెబుతానని.

నేను ఏమీ చెప్పలేదు.